కేతిగాడి కూలి ఎవరివ్వాలి?

డబ్బుకు కటకట వచ్చినప్పుడు ప్రసార సంస్థలు మొట్టమొదట ఎవరి నోరు మూయిస్తాయి? వార్తలు చదివేవాడిదా? క్రికెట్ వ్యాఖ్యాతదా? ప్రారంభోత్సవాల ఉపన్యాసకుడిదా? కాదు, నాటి సంగతుల మీద నవ్వించేవాడిది. అతనికి ఇచ్చేది అందరికంటే తక్కువ. అయినా ఖర్చుల పట్టికలో గీత ముందుగా అతని పేరు మీదనే పడుతుంది. ఇది ఒక్క దేశానికి పరిమితమైన విషయం కాదు. 1993 నుంచి నడుస్తున్న ‘లేట్ షో’ను 2026 మేతో ముగిస్తున్నామని అమెరికాలోని సీబీఎస్ సంస్థ 2025 జూలైలో ప్రకటించింది. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమని చెప్పింది. ఆ ప్రకటనకు సరిగ్గా మూడు రోజుల ముందు ఆ కార్యక్రమం నడిపే స్టీఫెన్ కోల్బేర్, తన సంస్థ యాజమాన్యం అధ్యక్షుడు ట్రంప్‌తో కుదుర్చుకున్న 1 కోటి 60 లక్షల డాలర్ల రాజీని ఆ వేదిక మీదనే ఎండగట్టాడు. బ్రిటన్‌లో బీబీసీ 2005లో మొదలైన ‘మాక్ ది వీక్’ను 2022లోనూ, రేడియోలో 1998 నుంచి వచ్చిన ‘ది నౌ షో’ను 2024లోనూ ఆపేసింది. వీటన్నిటికీ కారణం ఒకటే అని నేను అనను. కానీ నవ్వును పొదుపు ఖాతాలో వేసుకోవడం ఎంత సులువో వీటిని బట్టి తెలుస్తుంది.

దూరదేశాల సంగతి మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మనకూ కావాలి. ఎందుకంటే ఏళ్ల తరబడి నడిచే సమకాలీన వ్యంగ్య కార్యక్రమం మనం టెలివిజన్ నుంచి నేర్చుకున్నది కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో అది తెల్లగుడ్డ వెనక, ఆముదపు దీపాల వెలుగులో తరతరాలు నడిచింది. దాని పేరు తోలుబొమ్మలాట. అందులో నాటి సంగతులు మాట్లాడిన వ్యాఖ్యాత పేరు కేతిగాడు. అతని జట్టు బంగారక్క, జుట్టు పోలిగాడు. ఈ ముగ్గురి కథ సరిగా చదివితే, ప్రసార సంస్థలు ఇలాంటి కార్యక్రమాన్ని నిలుపుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు మన దగ్గరే దొరుకుతుంది.

తోలుబొమ్మలాట నిర్మాణాన్ని ఒకసారి గమనించండి. రామాయణ భారత ఘట్టాల పద్యం, పాట, సంభాషణ తండ్రి నుంచి కొడుక్కి వచ్చినవి. వాటిలో మార్పుకు చోటు తక్కువ. రాముడు ప్రతి ఊళ్లోనూ అదే మాట మాట్లాడతాడు. కానీ కేతిగాడి మాట ఏ ఊరికి ఆ ఊరిదే, ఏ రాత్రికి ఆ రాత్రిదే. ఆటగాళ్లు పగలు ఊళ్లోకి వచ్చి బియ్యం, నూనె అడుక్కునేటప్పుడే ఊరి గుట్టు కూడా మూటగట్టుకునేవాళ్లు. చౌకడిపోలో ఎవడు తూకం కొట్టాడు, కరువు పనుల మస్టరు రోల్‌లో ఎవరి పేరు రెండుసార్లు ఎక్కింది, ఏ చెరువు తూము ఎవరి పొలం వైపు తిరిగింది, అన్నీ రాత్రికి తెర మీదకు వచ్చేవి. నేను చూసిన ఒక ఆటలో వారధి కట్టే ఘట్టం నడుస్తుండగా కేతిగాడు దూరి, “ఈ కట్టకు కంట్రాక్టు ఎవురికిచ్చిరప్పా?” అని అడిగాడు. “కోతులకు బిల్లు పాసాయనా, లేదా?” అని బంగారక్క అందుకుంది. జనం పడీపడీ నవ్వారు. ముందు వరసలో మంచం వేయించుకుని కూర్చున్న పెద్దమనిషీ నవ్వక తప్పలేదు. రాముడి కథ ఆగలేదు, దేవుడికి అపచారమూ జరగలేదు. కానీ ఆ ఊళ్లో కట్టిన కట్ట సంగతి మాత్రం పదిమందిలో తేలిపోయింది.

ఇక్కడ రెండు సంగతులున్నాయి. మొదటిది, ఈ వ్యంగ్యం ఒంటరిగా బతకదు. అందరూ గౌరవించే ఒక పెద్ద కథ నీడలో, దాని అనుమతితో బతుకుతుంది. రెండోది, దానికి దీర్ఘాయువు కావాలి. కేతిగాడు ఒక్క రాత్రికి పుట్టి పోయే పాత్ర అయితే అతనికి ఆ చనువు రాదు. తాత కాలం నుంచి ఎరిగినవాడు కాబట్టే ఎంత మాటన్నా చెల్లింది. కొత్తవాడు అంటే తగాదా అయ్యేది, కేతిగాడు అంటే హాస్యమయ్యేది. దీర్ఘకాలం నడిచిన కార్యక్రమాన్ని పాతబడిందని కొట్టిపారేసేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఈ చనువునే. అది ఏళ్ల మీద కూడబెట్టిన ఆస్తి. ఒక ఉత్తర్వుతో పోగొట్టుకోవచ్చు, మరో ఉత్తర్వుతో తిరిగి సంపాదించలేం.

బుర్రకథ ఈ సంగతిని ఇంకా స్పష్టంగా విడదీసి చూపింది. కథకుడికి ఇటు ఒక వంత, అటు ఒక వంత. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. 1940లలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, నాజర్ వంటి మహా కళాకారుడు దాన్ని ఊరూరా తిప్పినప్పుడు, రాజకీయ వంత చెప్పిన మాటకు హాస్యపు వంత జనం చెవిలో చోటు చేసిపెట్టాడు. నవ్వు ఉపన్యాసానికి అలంకారం కాదు, దానికి దారి. అంతకు చాలాముందే, 1876లో, కందుకూరి వీరేశలింగం ‘హాస్య సంజీవని’ని నడిపినప్పుడు తెలుసుకున్నదీ ఇదే. సంస్కరణ కోరినవాడికి వివేకవర్ధని ఒక్కటి సరిపోలేదు, హాస్యమూ కావలసివచ్చింది.

మరి మన సీమలో కేతిగాడు ఏమయ్యాడు? ఇది ఈ చర్చలో కీలకమైన ప్రశ్న. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ఈనాడు దేశమంతా పేరుంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇవి అర్హమైన గౌరవాలు, ఆ కుటుంబాల కష్టానికి ఆలస్యంగా వచ్చిన ఫలితాలు. ఆట చూసి గింజలు కొలిచే ఊళ్లు సినిమాకు, తర్వాత టెలివిజన్‌కు మళ్లిపోయినప్పుడు ఆ కుటుంబాలు చేతిలోని విద్యను దీపపు బుడ్డీల మీదకు, గోడకు తగిలించే పటాల మీదకు మళ్లించి నిలబడ్డాయి. ఆకలి ముందు ఎవరూ వాళ్లను తప్పుపట్టలేరు.

కానీ విమర్శకుడు చూడవలసింది ఒకటుంది. ఏది నిలిచింది, ఏది పోయింది? తోలు నిలిచింది, రంగు నిలిచింది, హనుమంతుడు నిలిచాడు, నెమలి నిలిచింది. పోయింది నాలుక. మేకతోలు మీద చెక్కిన రాముణ్ణి నగరంలో మేడ ఉన్నవాడు కొంటాడు, ఊరి కంట్రాక్టరును వెక్కిరించే కేతిగాణ్ణి ఏ గదికి తగిలించుకుంటాడు? బొమ్మను అమ్మవచ్చు గానీ, ఆ రాత్రి ఆ ఊరికి మాత్రమే చెల్లిన మాటను అమ్మలేం. కళను కాపాడటమంటే వస్తువును కాపాడటమేనని అనుకున్న చోట వ్యంగ్యం ముందుగా చచ్చిపోతుంది, ఎందుకంటే అది వస్తువు కాదు. దాన్ని ఎవరూ నిషేధించలేదు. కూలి ఇవ్వడం మానేశారు, అంతే. ప్రసార సంస్థల బడ్జెట్ కోత గురించి మాట్లాడేటప్పుడు నిమ్మలకుంట అనుభవాన్ని మరవకూడదని నేననడం ఇందుకే.

తెర మడిచేసిన కేతిగాడికి కొంతకాలం రేడియోలో చోటు దొరికింది. ఆకాశవాణి కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకునేవారు. అది పెద్ద నాటకం కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఇంటి మాటలు, మధ్యలో ఒక ప్రభుత్వ పథకమో ధరల సంగతో. వినేవాళ్లకు వాళ్లు చుట్టాలయ్యారు. కడపలో 1963 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది. తర్వాత అనంతపురంలోనూ స్థానిక కేంద్రం వచ్చింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చునే ధర్మవరం నేతగాడికి కళ్లూ చేతులూ ఖాళీ ఉండవు, చెవి ఒక్కటే ఖాళీ. పట్టుపురుగులకు ఆకు వేసే హిందూపురం రైతు ఇంటి ఆడవాళ్లదీ అదే స్థితి. పని మానకుండా వినగలిగే మాధ్యమం వాళ్లకు రేడియోనే.

అలాంటి శ్రోతకు సమకాలీన వ్యంగ్యం ఏం పని చేస్తుంది? ఒక ఉదాహరణ చెబుతాను. 2020 జూలై చివర కేంద్ర ప్రభుత్వం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. వార్తల్లో అది ఒక వాక్యం. ఆ వాక్యం విన్న నేతగాడికి ఏం తెలిసింది? ఏదో బోర్డు పోయిందని తెలిసింది. అందులో తనవాళ్లు ఎవరున్నారు, అది ఉన్నన్నాళ్లూ తనకేం ఒరిగింది, పోతే ఇక మొర ఎక్కడ వినిపించుకోవాలి అన్నది తెలియలేదు. ఉపన్యాసం పెడితే వింటాడా? వినడు. అదే సంగతిని ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల కీచులాటగా వినిపించండి. “మనకు బోర్డు ఉండెనా? ఉంటే ఇన్నాళ్లు చెప్పలేదేమి?” అని పెళ్లాం అడిగితే మొగుడు నీళ్లు నమలాలి. ఆ నవ్వులో వార్త అర్థమవుతుంది, దానితోపాటు కోపమూ అర్థమవుతుంది. కొన్ని రకాల బట్టల్ని చేతిమగ్గానికే కేటాయించిన 1985 నాటి చట్టం ఒకటుందనీ, అది ఉండగానే మరమగ్గం చీర చేతిమగ్గం పేరుతో అంగట్లో కూర్చుంటోందనీ ధర్మవరంలో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నలుగురిలో అనరు. అనగలిగేది కేతిగాడే.

పెనుకొండ సంగతీ అంతే. 2019 నుంచి ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. కారు పుట్టినిల్లు పెనుకొండ అని గొప్పగా చెప్పుకుంటాం. పుట్టింటివాళ్లకు ఆ కారులో ఎన్ని సీట్లు దక్కాయని అడిగే పాత్ర ఒకటి రోజూ రేడియోలో ఉంటే, అది పది సంపాదకీయాల పెట్టు. దాన్ని రాయడానికి బెంగుళూరులోనో విజయవాడలోనో కూర్చున్నవాడు పనికిరాడు. ఆ దారిన నడిచేవాడే రాయాలి.

ఇక ఖర్చు మాట. 2018 డిసెంబరులో ప్రసార భారతి, పొదుపు పేరుతో ఆకాశవాణి జాతీయ చానెల్‌నూ, హైదరాబాదుతో సహా అయిదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడెమీలనూ మూసివేయాలని నిర్ణయించింది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం అదే ప్రసార భారతికి 2,539 కోట్ల 61 లక్షల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ప్రసార సదుపాయాల విస్తరణ, ఆధునికీకరణ, కార్యక్రమాల అభివృద్ధి, నిర్మాణ పనులు దాని ఉద్దేశాలు. ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడేదేమిటి? డబ్బు అసలే లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. స్తంభానికి, యంత్రానికి దొరికే డబ్బు మనిషికి దొరకడం కష్టం. పదిహేను నిమిషాల హాస్య సంభాషణకు ఒక రచయిత, ఇద్దరో ముగ్గురో గొంతులు, ఒక గది చాలు. ప్రసార సాధనాలన్నిటిలో ఇంతకంటే చౌకైన కళారూపం లేదు. దాన్ని తీసేస్తే మిగిలే సొమ్ముతో ఏ లోటూ పూడదు. పూడేదల్లా పై అధికారికి రాగల చిక్కు మాత్రమే.

ఆకాశవాణి మానేస్తే ప్రైవేటు రేడియో చేస్తుందనుకోవడం భ్రమ. 2011 నాటి ప్రభుత్వ విధానం ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలకు సొంత వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఏ మార్పూ లేకుండా తిరిగి వినిపించవచ్చు, అంతవరకే. వార్త చెప్పే హక్కు లేనివాడు వార్త మీద వ్యంగ్యం ఏపాటి చేయగలడు? సినిమా పేరడీ, ఫోనులో ఆటపట్టింపు, ఇవే అతనికి మిగిలేవి. కాబట్టి గాలిలో సమకాలీన హాస్యం ఉండాలా వద్దా అన్నది ఆచరణలో ఆకాశవాణిలో ఉండాలా వద్దా అన్న ప్రశ్నే.

ఎదుటి వాదనలను దాటవేయడం విమర్శ అనిపించుకోదు. అందులో మూడు బలమైనవి ఉన్నాయి.

మొదటి వాదన: ప్రభుత్వం పోషించే వ్యంగ్యం వ్యంగ్యమేనా? ఆకాశవాణి ప్రసార నియమావళి రాజకీయ పక్షం పేరెత్తి దాడి చేయడాన్నీ, కేంద్రం మీద గానీ రాష్ట్రం మీద గానీ వైరభావంతో చేసే విమర్శనూ నిషేధిస్తుంది. అలాంటప్పుడు చిన్నక్క ఎంత మాట్లాడినా రాజుగారి కొలువులో వికటకవి మాట్లాడినంతే కదా? పెనుకొండ కోట నీడలో ఉన్నవాళ్లం, ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు ఇది. తెనాలి రామకృష్ణుడి పేరిట జనం చెప్పుకునే కథలు చూడండి. అతని నవ్వు రాజును ఇబ్బంది పెడుతుంది గానీ, చివరికి రాజు మెచ్చి బహుమతి ఇవ్వకుండా ఒక్క కథా ముగియదు. కొలువు హాస్యానికి హద్దు అదే. కేతిగాడికి కూలి ఇచ్చింది రాజు కాదు, ఊరు. అందుకే అతను ఊరి వైపు నిలబడి మాట్లాడాడు. ఈ వాదనలో సత్యముంది. కానీ దీని నుంచి రావలసిన ముగింపు కార్యక్రమాన్ని మూసెయ్యమని కాదు, నియమావళిని సడలించమని. 1990లో చట్టం చేసి, 1997లో అమలులోకి తెచ్చి ప్రసార భారతికి స్వయంప్రతిపత్తి ఇచ్చామన్నారు. ఆకాశవాణికి వచ్చే డబ్బు ప్రజలది. కనుక అక్కడి హాస్యగాడు ఊరి కూలి తినేవాడే గానీ కొలువు కూడు తినేవాడు కాదు. ఈ మాట గట్టిగా అడిగి నిలబెట్టుకోవలసింది రచయితలు.

రెండో వాదన మరీ పదునైనది: ఈ హాస్యం ఎవరి మీద? బంగారక్క చుట్టూ అల్లిన బూతు మాటలు వింటూ ముందు వరస ఆడవాళ్లు తల వంచుకోవడం నేను చూశాను. ఆ ఆటలో కంట్రాక్టరుకు పడిన దెబ్బల కంటే ఆడదానికి పడిన దెబ్బలే ఎక్కువ. ఈ వారసత్వంలో కుళ్లు భాగాన్ని టెలివిజన్ జాగ్రత్తగా ఏరుకుంది. 2013 నుంచి వచ్చిన ‘జబర్దస్త్’లో పేదింటి కుర్రాళ్లు ఎందరో తమ ప్రతిభతో పైకి వచ్చారు, అది కాదనను. కానీ మగవాడికి చీర కట్టి నవ్వించడం, నలుపునూ లావునూ పొట్టినీ వెక్కిరించడం, భార్యను తిట్టడం అందులో సరుకైపోయాయి. అది ఏళ్ల తరబడి నడిచింది గనుకనే నిలపాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దీర్ఘాయువు ఒక్కటే యోగ్యత కాదు. కింద ఉన్నవాణ్ణి కొట్టే నవ్వుకూ, పైనున్నవాణ్ణి ప్రశ్నించే నవ్వుకూ తేడా చూడలేనివాడు హాస్యాన్ని పరిరక్షించబోయి అణచివేతను పరిరక్షిస్తాడు. అయితే గమనించండి, పొదుపు కత్తెర ఈ రెంటిలో దేన్ని కత్తిరిస్తుంది? మొదటి రకానికి ప్రకటనలు వస్తాయి, అది నిలుస్తుంది. రెండో రకానికి ప్రకటన ఇచ్చేవాడెవడు? అది పోతుంది. అంగడికి వదిలేస్తే కుళ్లు నవ్వే మిగులుతుందన్నది ఇందుకే. దాన్ని ఎదుర్కోవాలంటే ప్రజాధనంతో నడిచే మంచి నవ్వు ఉండి తీరాలి.

మూడో వాదన: ఇప్పుడు ప్రతి కుర్రాడి చేతిలో ఫోను ఉంది, ఊరి భాషలో వ్యంగ్యం ఉచితంగా వస్తోంది, ఇంకా రేడియో ఎందుకు? ఊరి యాసకు గౌరవం రావడం మంచిదే. వీ6 ‘తీన్మార్ వార్తలు’, అందులో బిత్తిరి సత్తి పాత్ర, తెలంగాణ పలుకుతో వార్తను నవ్వుగా చెప్పవచ్చని నిరూపించాయి. మన సీమ పలుకుకు ఆ అదృష్టం దక్కలేదు. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తర్వాత వెండితెర మీద సీమ యాస అంటే వేటకొడవలి భాష అయిపోయింది. బియ్యం ధర గురించీ, బోరుబావి గురించీ, పట్టుగూళ్ల రేటు గురించీ ఆ యాసలో మాట్లాడే మామూలు మనిషి తెలుగు శ్రోతకు పరిచయం కాలేదు. ఫోనులో ఆ మనిషి కనిపిస్తున్నాడు, నిజమే. కానీ అతనికి కూలి లేదు, రక్షణ లేదు. ఇవాళ్టి మాట రేపటికి అడుగున పడుతుంది. ఏది పదిమందికి చేరాలో నిర్ణయించేది ఎక్కడో ఉన్న యంత్రం. కేతిగాడికి చనువు తెచ్చిన ఆ కొనసాగింపు అందులో ఎక్కడిది?

కాబట్టి నా అభిప్రాయం ఇది. నడుస్తోందన్న ఒక్క కారణంతో ఏ కార్యక్రమాన్నీ నిలపనక్కరలేదు. ఖరీదన్న ఒక్క కారణంతో ఏ కార్యక్రమాన్నీ తీసెయ్యకూడదు. నిలపాలా వద్దా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు: అది ఎవరి వైపు నుంచి నవ్వుతోంది? ఆ ప్రాంతపు మనుషులే ఆ ప్రాంతపు పలుకులో రాస్తున్నారా? రాసేవాళ్లు మారుతున్నారా, లేక ఒక్కడే ఇరవై ఏళ్లుగా అవే మాటలు తిప్పుతున్నాడా? పాతబడటమన్నది పాత్రకు వచ్చే జబ్బు కాదు, రచయితకు వచ్చేది. పాత్రను ఉంచి కొత్త రచయితలను తెచ్చుకోవడమే దానికి మందు. తోలుబొమ్మలాట చేసింది అదే. బొమ్మ పాతది, నోరు కొత్తది.

ఇందులో మన వంతు కూడా ఉంది. కథ, కవిత పత్రికకు పంపేటప్పుడు ఉండే శ్రద్ధ, పదిహేను నిమిషాల రేడియో సంభాషణ రాయడంలో మనకు లేదు. అది తక్కువ రకం పని అని మనలో చాలామంది లోలోపల అనుకుంటున్నారు. మనం తక్కువగా చూసిన చోటునే పాలకులు తేలికగా కత్తిరిస్తారు, అడ్డం వచ్చేవాడు లేడు గనుక. ధర్మవరం, హిందూపురం కళాశాలల్లో తెలుగు చదువుతున్న విద్యార్థులను నేను అడిగేది ఒకటే. నిమ్మలకుంటకు వెళ్లండి. దీపపు బుడ్డీల ధర అడిగి వచ్చేయకండి. కేతిగాడు ఏమనేవాడో గుర్తున్న ముసలివాళ్లు ఉన్నప్పుడే ఆ మాటలు రాసుకోండి. అందులో ఆడదాన్ని తిట్టినవి ఏవో, అధికారిని అడిగినవి ఏవో విడదీయండి. రెండో వాటిని ఈనాటి సంగతులతో తిరగరాసి ఆకాశవాణి ముందు పెట్టండి. డబ్బు లేదంటే, దేనికి ఉందో చూపమని అడగండి. తోలును కాపాడుకున్నాం, ఇక నాలుకను కాపాడుకోవాలి.